సిమాంకాస్ డాలు మీది ఏడు చేతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్‌లోని సిమాంకాస్ ఊరి చిహ్నంలో ఏడు తెగిన చేతులుంటాయి. అవి ఎవరివి, ఆ కథ నిజంగా జరిగిందా, అక్కడి యుద్ధానికీ ఆ చేతులకూ సంబంధం ఉందా అనే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గర నేరుగా చదవడం మొదలుపెట్టవచ్చు.

## ఊరు, పేరు

సిమాంకాస్ ఎక్కడుంది? ఎంత ఊరు?

ఉత్తర స్పెయిన్‌లో, కాస్తీయా ఇ లెయోన్ ప్రాంతంలో, వయ్యదోలిద్ నగరానికి నైరుతిగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. పిస్వెర్గా నది పక్కన మెరక మీద కట్టిన ఊరు. జనాభా 5 వేల పైచిలుకు. నది మీద 17 కమానుల మధ్యయుగపు రాతివంతెన ఇప్పటికీ నిలిచి ఉంది. కొంచెం దిగువన పిస్వెర్గా వెళ్లి దువేరో నదిలో కలుస్తుంది. ఒకప్పుడు క్రైస్తవ, ముస్లిం రాజ్యాల సరిహద్దు ఈ దువేరో వెంబడే సాగింది. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చరిత్ర ఉండటానికి కారణం ఇదే.

"సిమాంకాస్" అంటే "ఏడుగురు చేయిలేని ఆడవాళ్లు" అని చదివాను. నిజమేనా?

కాదు. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు సెప్తిమాంకా. దారులు, మజిలీలు, వాటి మధ్య దూరాలు రాసిన ఆంతొనైన్ మార్గసూచికలో, మేరిదా నుంచి సరగోసా వైపు వెళ్లే దారిలో ఒక మజిలీగా ఈ పేరు కనిపిస్తుంది. ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో అడుగుపెట్టింది 711లో. ఊరి పేరు అప్పటికే శతాబ్దాల పాతది.

స్పానిష్‌లో "సియెతె" అంటే ఏడు. "మాంకా" అంటే చేయి పోయిన స్త్రీ. సెప్తిమాంకా అరిగి సిమాంకాస్ అయ్యాక జనం చెవికి అందులో "సియెతె మాంకాస్" వినిపించింది. పేరు విని కథ కట్టుకోవడం మనకు కొత్త కాదు, మన స్థలపురాణాలు చాలా ఇలాగే పుట్టాయి.

## కన్యల కథ

కథ క్లుప్తంగా చెప్పండి.

దక్షిణ స్పెయిన్‌ను ఏలిన ముస్లిం పాలకుడు కోర్దొబా ఎమీరుకు ఉత్తరాది క్రైస్తవ రాజ్యం ఏటా వందమంది కన్యలను కప్పంగా పంపాలి. అందులో 50 మంది గొప్పింటివాళ్లు, 50 మంది సామాన్యులు. సిమాంకాస్ వంతుకు ఏడుగురు వచ్చారు. పంపబోయే ముందు ఆ ఏడుగురూ తలా ఒక చేయి నరుక్కున్నారు. వాళ్లను చూసిన ఎమీరు "చేయిలేనివాళ్లను ఇస్తే నాకొద్దు" అని తిప్పి పంపేశాడు. ఆ అవమానం భరించలేక రాజు రామిరో కప్పం మానేసి యుద్ధానికి దిగాడు.

ఎమీరు నోట పలికించిన ఆ మాట స్పానిష్‌లో "సి మాంకాస్..." అని మొదలవుతుంది. "సి" అంటే "అయితే, గనక" అని అర్థం. అంటే ఊరి పేరుకు ఒకే కథలో రెండు వ్యుత్పత్తులున్నాయి: ఒకటి "ఏడుగురు మాంకాలు", రెండోది "మాంకాలను గనక ఇస్తే". ఒకే పేరును రెండు రకాలుగా విడగొట్టి చెబుతున్నారంటే పేరు ముందు పుట్టింది, కథ తర్వాత అల్లారు.

కథ జరగలేదని అంత గట్టిగా ఎలా అంటారు?

మూడు కారణాలున్నాయి.

మొదటిది కాలం. కథలో రాజు రామిరో I. ఆయన పాలన 842 నుంచి 850 వరకు. ఆ రోజుల్లో ఆయన ఏలిన ఆస్తూరియాస్ రాజ్యం కొండలకు ఉత్తరాన ఉండేది. దువేరోకు దగ్గర్లో ఉన్న సిమాంకాస్‌ను కోటకట్టి జనంతో నింపింది అల్ఫోన్సో III, అది కూడా 9వ శతాబ్దం చివర్లో. తన చేతిలో లేని ఊరి నుంచి రామిరో I కన్యలను ఎలా పంపుతాడు?

రెండోది రాతలు. వందమంది కన్యల కప్పం సంగతి ఆ కాలపు వృత్తాంతాల్లో లేదు. సాన్తియాగో చర్చికి ధాన్యం, ద్రాక్షసారా మొక్కుబడులు రాబట్టుకోవడానికి 12వ శతాబ్దంలో తయారుచేసిన ఒక దానపత్రంలో అది మొదట కనిపిస్తుంది. రామిరో I ఇచ్చినట్టు రాసిన ఆ పత్రం కూటపత్రమని పండితులు ఎప్పుడో తేల్చారు. 844లో జరిగిందనే క్లావిహో యుద్ధం కూడా ఆ పత్రంతోనే ప్రచారంలోకి వచ్చింది.

మూడోది, ఇదే కప్పం కథను ఇంకా చాలాచోట్ల తమదిగా చెప్పుకుంటారు. గలీసియాలో ఫిగెరోవా వంశం డాలు మీది ఐదు అత్తి ఆకులకు ఇదే కథ చెబుతారు: కన్యలను కాపాడిన వీరులు అత్తి కొమ్మలతో పోరాడారట. "ఫిగెరా" అంటే అత్తిచెట్టు. అక్కడ కూడా పేరులోంచే కథ పుట్టింది.

అయితే ఆ చిహ్నం అబద్ధమా?

చిహ్నాన్ని అలా తూచకూడదు. పేరు ధ్వనిని బొమ్మగా చూపించే డాలు చిహ్నాలను స్పానిష్‌లో "ఆర్మాస్ పార్లాంతెస్" అంటారు, అంటే మాట్లాడే చిహ్నాలని అర్థం. గ్రనాదా చిహ్నంలో దానిమ్మపండు ఉంటుంది, ఎందుకంటే "గ్రనాదా" అంటే దానిమ్మే. లెయోన్ పేరు రోమన్ "లెజియో" (సైనిక దళం) నుంచి వచ్చినా డాలు మీద సింహం నిలబడింది. సిమాంకాస్ చేతులు కూడా ఆ కోవలోవే. 9వ శతాబ్దంలో ఏం జరిగిందో అవి చెప్పవు. ఊరివాళ్లు తమ పేరును ఎలా విన్నారో, తమ గురించి ఏం తలచుకోవాలనుకున్నారో చెబుతాయి. ఆ లెక్కన అవి నిజమైన సాక్ష్యమే, అందుకే వాటిని చిన్నచూపు చూడకూడదు.

## యుద్ధం, కోట, దస్తావేజులు

కన్యల కథలో యుద్ధమూ 939 సిమాంకాస్ యుద్ధమూ ఒకటేనా?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే, ఎందుకంటే రెండింట్లోనూ ఒక రామిరో, ఒక అబ్ద్ అల్-రహ్మాన్ ఉన్నారు.

కథలో ఉన్నది రామిరో I, ఎమీరు అబ్ద్ అల్-రహ్మాన్ II (822–852). 939లో నిజంగా తలపడింది లెయోన్ రాజు రామిరో II (931–951), ఖలీఫా అబ్ద్ అల్-రహ్మాన్ III. వీళ్ల మధ్య దాదాపు వందేళ్ల తేడా ఉంది. ఏ వ్యాసంలోనైనా "రామిరో" పక్కన అంకె లేకపోతే, ఏ యుద్ధం గురించి రాశారో ముందు చూసుకోండి.

939లో ఏం జరిగింది?

ఖలీఫా స్వయంగా పెద్ద సైన్యంతో ఉత్తరానికి కదిలాడు. ఆ దండయాత్రకు "సర్వశక్తి దండయాత్ర" అని పేరు పెట్టుకున్నాడు. జూలై 19న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. రెండు సైన్యాలూ దాన్ని చూసి బెదిరాయని అటు అరబ్బీ, ఇటు లాటిన్ వృత్తాంతాలు రాశాయి. ఆగస్టు మొదట్లో సిమాంకాస్ గోడల దగ్గర కొన్ని రోజులు పోరు నడిచింది. రామిరో II పక్కన కాస్తీయా కౌంట్ ఫెర్నాన్ గోన్సాలెస్, నవార్రా బలగాలు ఉన్నాయి. ఖలీఫా సైన్యం ఓడింది. సరగోసా పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ హాషిమ్ బందీ అయ్యాడు. వెనుదిరిగే దారిలో అల్హాందెగా లోయలో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఖలీఫా తన ఖురాన్ ప్రతినీ బంగారు తీగలతో అల్లిన కవచాన్నీ అక్కడే వదిలేసి బయటపడ్డాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ సైన్యం ముందు నిలబడి యుద్ధానికి వెళ్లలేదు.

గెలిచిన ఫలం లెయోన్‌కు కొన్నాళ్లు దక్కింది, దువేరోకు దక్షిణాన కొత్త ఊళ్లు వెలిశాయి. అయితే 983లో కోర్దొబా సేనాని అల్మన్సూర్ సిమాంకాస్‌ను పట్టుకున్నాడు. చాలా వ్యాసాలు 939 దగ్గరే ఆగిపోయి ఈ రెండో ముక్కను వదిలేస్తాయి.

ఇప్పుడు కనిపించే కోట ఆ యుద్ధకాలానిదేనా?

కాదు. ఇప్పటి కోటను 15వ శతాబ్దంలో కాస్తీయా అడ్మిరల్ పదవిలో ఉన్న ఎన్రీకెస్ వంశం కట్టించింది. తర్వాత అది కాథలిక్ రాజదంపతుల (ఇసబెల్, ఫెర్నాందో) కాలంలో రాజ్యం చేతికి వచ్చింది. ఎన్రీకెస్ వంశ చిహ్నంలో రెండు కోటలు, ఒక సింహం ఉంటాయి. అది వంశానిది, ఏడు చేతులు ఊరివి. మన చాళుక్యుల, కాకతీయుల వరాహ లాంఛనం రాజవంశానిదే తప్ప ఏ ఊరిదీ కాదు కదా. ఇక్కడ కూడా ఆ తేడా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

కోటలో ఎవరిని బంధించారు?

ముగ్గురి పేర్లు తరచూ వినిపిస్తాయి. చార్లెస్ V మీద కాస్తీయా ఊళ్లు లేపిన కొమునేరోల తిరుగుబాటులో పాల్గొన్న సమోరా బిషప్ ఆంతోనియో దె అకూన్యా తప్పించుకోబోతూ కోట అధికారిని చంపాడు. 1526 మార్చిలో అతని మెడకు ఉరి బిగించి చంపి, దేహాన్ని కోట బురుజుకు వేలాడదీశారు. ఫ్లాండర్స్ ప్రతినిధిగా వచ్చిన మోంతీన్యీ ప్రభువును 1570 అక్టోబరులో ఇక్కడ రహస్యంగా చంపి, జబ్బుతో పోయాడని ప్రకటించారు. ఐరిష్ నాయకుడు హ్యూ రో ఓడొనెల్ మాత్రం ఖైదీ కాదు. ఇంగ్లండుపై సాయం అడగడానికి స్పెయిన్ వచ్చి, 1602 సెప్టెంబరులో ఇక్కడ కన్నుమూశాడు. ముగ్గురినీ ఒకే జాబితాలో "ఖైదీలు" అని రాయడం పొరపాటు.

కోట దస్తావేజుల భండారం ఎలా అయ్యింది?

1540లో చార్లెస్ V కాస్తీయా రాజ్య పత్రాలను ఈ కోటలో భద్రపరచమన్నాడు. దళసరి గోడలు, చుట్టూ కందకం, దగ్గర్లోనే రాజసభ ఉండే వయ్యదోలిద్ ఉండటంతో ఈ చోటు బాగా కుదిరింది. ఫిలిప్ II దాన్ని అసలైన భండారంగా మలిచాడు. 1561లో దియెగో దె అయాలాను నియమించాడు, హువాన్ దె ఎర్రెరా నమూనాతో కోటను లోపల మార్చి కట్టించాడు, 1588లో భండారం నడపడానికి నియమావళి జారీచేశాడు. పత్రాల కోసమని ఒక కట్టడాన్ని తీర్చిదిద్దడం, దాని నిర్వహణకు రాతపూర్వక నియమాలు పెట్టడం యూరప్‌లో తొలి ప్రయత్నాల్లో ఒకటి. నెపోలియన్ సైన్యం చాలా కట్టలను పారిస్‌కు తరలించింది. ఎక్కువ భాగం 1816లో తిరిగొచ్చింది. 1844లో పరిశోధకులకు తలుపులు తెరిచారు. 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

కొలంబస్ కాగితాలు సిమాంకాస్‌లో ఉంటాయా?

అమెరికా వలసలకు సంబంధించిన కట్టలను 1785 తర్వాత సెవీయాలో కొత్తగా పెట్టిన ఇండీస్ భండారానికి పంపేశారు. వాటి కోసం అక్కడే వెతకాలి. రాణి ఇసబెల్ 1504 నాటి వీలునామా వంటి రాజపత్రాలు మాత్రం సిమాంకాస్‌లోనే ఉన్నాయి.

## డాలు చిహ్నాన్ని చదవడం

సిమాంకాస్ చిహ్నంలో ఏమేం ఉన్నాయి?

బురుజు, దాని పైన నక్షత్రం, చుట్టూ ఏడు చేతులు, డాలు నెత్తిన కిరీటం. చేతులు పేరు కోసం, బురుజు కోట కోసం అని సులువుగా చెప్పవచ్చు. నక్షత్రాన్ని 939 గ్రహణంతో ముడిపెట్టడం ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ పత్రం చూపించకుండా అలా రాయకండి. డాలు వర్ణన, అంటే చిహ్నంలో ఏముందో మాటల్లో చెప్పే వాక్యం, ఆకారాన్నీ రంగునూ మాత్రమే చెబుతుంది, అర్థం చెప్పదు.

కుడి, ఎడమ ఎందుకు తారుమారవుతాయి?

డాలు పట్టుకున్న మనిషి వైపు నుంచి లెక్క. వర్ణనలో "దియెస్త్రా" (కుడి) అంటే చూసేవాళ్లకు ఎడమ పక్క. "సినియెస్త్రా" (ఎడమ) అంటే చూసేవాళ్లకు కుడి పక్క. అనువాదాల్లో సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

బొమ్మలో ఉన్నది కుడిచేయో ఎడమచేయో ఎలా తెలుస్తుంది?

ముందు అరచేయి కనిపిస్తోందా, వెనుక భాగమా చూడండి. అరచేయి కనిపిస్తూ వేళ్లు పైకి ఉంటే, బొటనవేలు మీ కుడివైపుకు ఉన్నది కుడిచేయి, ఎడమవైపుకు ఉన్నది ఎడమచేయి. మీ చేతినే ముఖం ముందు పెట్టి సరిపోల్చుకోండి. చేయి వెనుక భాగం కనిపిస్తే లెక్క తిరగబడుతుంది. వేళ్లు కిందికి ఉంటే బొమ్మను సగం చుట్టు తిప్పి చూడండి, అంతేగానీ అద్దంలో లాగా తిరగేయకండి. తిరగేస్తే కుడి ఎడమైపోతుంది. కంప్యూటర్లో ఒక చేయి గీసి రెండో వైపుకు అద్దం బొమ్మగా అతికించేవాళ్లు ఇదే పొరపాటు చేస్తారు. డాలు మీద సగం చేతులు కుడివి, సగం ఎడమవి అయిపోతాయి.

బురుజుకూ కోటకూ తేడా ఏమిటి?

స్పానిష్ హెరాల్డ్రీలో (డాలు చిహ్నాల శాస్త్రంలో) "తొర్రె" అంటే ఒకే బురుజు. "కాస్తీయో" అంటే సాధారణంగా గోడ మీద మూడు బురుజులు, నడిమిది ఎత్తు. కాస్తీయా రాజ్య చిహ్నంలో ఉన్నది రెండోది: ఎర్రటి నేల (వెనుక రంగు) మీద బంగారు కోట.

రంగుల నియమం ఏమిటి?

రెండు లోహాలు: బంగారం (పసుపు), వెండి (తెలుపు). రంగులు: గూలెస్ (ఎరుపు), అసూర్ (నీలం), సినోప్లె (ఆకుపచ్చ), సాబ్లె (నలుపు), పూర్పురా (ఊదా). లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదు. దూరం నుంచి, దుమ్ములో, యుద్ధంలో గుర్తుపట్టాలన్నదే దీని వెనుక కారణం. లెయోన్ చిహ్నం చూడండి: వెండి నేల, ఊదా సింహం. వర్ణన రంగు పేరు మాత్రమే చెబుతుంది, ఛాయను చెప్పదు. కాబట్టి రెండు బొమ్మల్లో నీలం వేరువేరుగా ఉన్నంత మాత్రాన ఒకటి తప్పనుకోకండి.

రాతి మీద, సిరా ముద్రల మీద రంగు ఎలా తెలుస్తుంది?

17వ శతాబ్దం నుంచి గీతల సంకేతం వాడుకలో ఉంది. నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వెండి, నిలువూ అడ్డం కలిసిన గళ్లు నలుపు. అంతకంటే పాత శిల్పంలో గీతలు కనిపిస్తే అవి ఉలి గుర్తులో అలంకారమో కావచ్చు, రంగుగా చదవకండి.

కిరీటాన్ని బట్టి ముద్ర కాలం చెప్పవచ్చా?

కొంతవరకు. ఇప్పటి మునిసిపల్ డాళ్ల మీద ఎక్కువగా కనిపించేది కమానులతో మూసిన రాజకిరీటం. పైన తెరిచి ఉన్నది పాత తరహా. కోటగోడ ఆకారంలో కిరీటం ఉంటే రిపబ్లిక్ కాలం, ముఖ్యంగా 1931 తర్వాతి సంవత్సరాలు, మొదట తట్టాలి. ఇదొక్కటే ఆధారంగా తేదీ ఖాయం చేయకండి. పాత అచ్చును ఏళ్ల తరబడి వాడిన ఆఫీసులు చాలా ఉన్నాయి.

## ఆధారాలు వెతకడం

ఇంట్లో కూర్చుని పాత పత్రాలు చూడవచ్చా?

స్పెయిన్ ప్రభుత్వ భండారాల పోర్టల్ "పారెస్" ఉచితం. మొదలుపెట్టడానికి అన్నింటికంటే తేలికైనది ఎన్సెనాదా మార్కీసు (అప్పటి మంత్రి) పేరు మీదున్న ఊళ్ల సర్వే. 1749లో ఆజ్ఞ వెలువడింది, కాస్తీయా రాజ్యంలోని ఊళ్లన్నింటికీ అవే 40 ప్రశ్నలు వేశారు. ఆ జవాబుల ప్రతులు సిమాంకాస్ భండారంలో ఉన్నాయి, పారెస్‌లో ఊరి పేరుతో వెతికితే పుటల బొమ్మలు వస్తాయి. 1వ ప్రశ్న ఊరి పేరు, 2వది ఊరు రాజుదా ప్రభువుదా, 21వది ఎందరు "వెసీనో"లు, 22వది ఎన్ని ఇళ్లు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. "వెసీనో" అంటే మనిషి కాదు, కుటుంబ పెద్ద. 100 మంది వెసీనోలున్న ఊళ్లో వందమందే ఉన్నారని రాస్తే జనాభాను నాలుగో వంతుకు తగ్గించినట్టే. ఇక 3వ ప్రశ్న పక్కన మార్జిన్లో ఉండే చిన్న బొమ్మ ఊరి పొలిమేర ఆకారం. దాన్ని డాలు చిహ్నమని భ్రమపడేవాళ్లున్నారు.

వెతికితే ఏమీ దొరకడం లేదు. ఎందుకు?

స్పెల్లింగు వల్ల. 15, 16వ శతాబ్దాల్లో "సిమాంకాస్"లో మొదటి అచ్చును "ఐ" అక్షరం బదులు "వై" అక్షరంతో రాసేవారు. "యు", "వి", "బి" అక్షరాలు ఒకదాని బదులు ఒకటి వచ్చేవి. రెండు రూపాల్లోనూ వెతకండి. 16వ శతాబ్దపు "ప్రొసెసాల్" రాతలో కలం ఎత్తకుండా మాటలన్నీ గొలుసులా కలిపేస్తారు. మొదట తేదీ, సంతకం, ఊరి పేరు గుర్తుపట్టండి. వాటి అక్షరాలతో మిగతా పుటను విప్పుకోవచ్చు.

ఊరి పాత ముద్రలు ఎక్కడ దొరుకుతాయి?

మాద్రిద్‌లోని జాతీయ చారిత్రక భండారంలో ముద్రల విభాగం ఉంది. 1876లో దేశంలోని మునిసిపాలిటీల నుంచి సేకరించిన సిరా ముద్రలు అందులో ఉన్నాయి. ఏ ఊరికైనా 19వ శతాబ్దపు రూపం చూడాలంటే ముందు చూడాల్సింది అవే. ఒక చిహ్నం "అనాదిగా" ఉందని ఎవరైనా అంటే, 1876 ముద్రలో అది ఉందా లేదా అని చూడటమే మంచి పరీక్ష.

## గీయడం, వాడటం

డాలును ఏ కొలతల్లో గీయాలి?

స్పానిష్ డాలు పైన చదరంగా, కింద అర్ధవృత్తంగా ఉంటుంది. వెడల్పు 5 పాళ్లయితే ఎత్తు 6 పాళ్లు. అంచు పట్టీ వెడల్పు డాలు వెడల్పులో ఆరో వంతు. పట్టీలో బొమ్మలు పెట్టడం స్పెయిన్‌లో ఎక్కువగా ఎనిమిదిగా అలవాటు: పైన 3, పక్కలకు 2, కింద 3. ఏడు చేతులకు అదే చట్రం వాడి ఒకటి తీసేస్తే కింద ఖాళీ కనిపిస్తుంది. పైన 3, పక్కలకు 2, కింద వంపులో 2 సమదూరంలో పెడితే కుదురుతుంది. గీశాక చేతులు లెక్కపెట్టండి. ఎనిమిది చేతులు వేస్తే అది సిమాంకాస్ చిహ్నమే కాదు.

ఊరు తన చిహ్నాన్ని మార్చుకోవాలంటే?

కాస్తీయా ఇ లెయోన్‌లో 1991 నాటి 105వ డిక్రీ మునిసిపల్ చిహ్నాలు, జెండాల ఆమోదం, మార్పు, పునరుద్ధరణ విధానాన్ని పెట్టింది. ఊరి సభ తీర్మానం చేయాలి, చారిత్రక కారణాలు చూపే నివేదిక జత చేయాలి, జనం అభ్యంతరాలకు గడువివ్వాలి, ప్రాంతీయ చిహ్నాల అధికారి (క్రోనిస్తా దె ఆర్మాస్) అభిప్రాయం తీసుకోవాలి. ఆమోదం ప్రాంతీయ గెజెట్‌లో అచ్చవుతుంది. ప్రామాణికమైనది అక్కడ అచ్చయిన వర్ణన వాక్యం. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ దానితో సరిపోకపోతే వాక్యాన్నే పట్టుకోండి.

నా పుస్తకంలో, టీ-షర్టు మీద ఆ చిహ్నం వేసుకోవచ్చా?

చరిత్ర వివరించే వ్యాసంలో మీరే గీసిన బొమ్మ చూపించడం వేరు, అమ్మే వస్తువు మీద అధికారిక చిహ్నం ముద్రించడం వేరు. రెండోదానికి ఊరి పురపాలక సభ (ఆయుంతమియెంతో) అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. దరఖాస్తులో వస్తువు ఏమిటి, ఎన్ని కాపీలు, చిహ్నం ఎంత సైజులో, ఎక్కడ పడుతుంది అన్నవి రాసి నమూనా బొమ్మ జతచేయండి. ఇంకొకరు గీసిన డిజిటల్ బొమ్మ వాడుతుంటే, దాని లైసెన్సు సంగతి విడిగా చూసుకోవాలి. చిహ్నం పాతదైనా ఆ గీసిన బొమ్మ మీద గీసినవాళ్ల హక్కు ఉంటుంది.